పచ్చళ్ళ ఆన్‌లైన్ స్టోర్‌లో సెర్చ్ సరిగ్గా రావట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

కోనసీమ_అబ్బాయి

అందరికీ నమస్కారమండీ. మా ఇంట్లోవాళ్ళది పచ్చళ్ళు, పొడులు, పిండివంటలు, పప్పులు, కొంచెం పూజ సామాను అమ్మే చిన్న ఆన్‌లైన్ స్టోర్, సైట్ పని అంతా నేనే చూసుకుంటా. ఆరేడొందల ఐటమ్స్ ఉంటాయి. ఆర్డర్లు ఎక్కువగా మన రెండు రాష్ట్రాల నుంచే, తర్వాత బెంగళూరు, చెన్నై, కొన్ని అమెరికా.

ఇప్పుడు పెద్ద తలనొప్పి సెర్చ్‌తోనే. కందిపప్పు అని తెలుగులో కలిపి కొడితే వస్తుంది, మధ్యలో స్పేస్ ఇస్తే రాదు, ఇంగ్లీష్ అక్షరాల్లో కొడితే అసలే రాదు, తూర్ దాల్ అన్నా రాదు. మేం వేరుశనగ గుళ్ళు అని పెట్టాం, హైదరాబాద్ కస్టమర్లు పల్లీలు అని వెతికి మా దగ్గర లేవనుకుని వెళ్ళిపోతున్నారు, కొంతమంది ఫోన్ చేసి అడగబట్టి మాకు తెలిసింది, ఫోన్ చేయకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో మరి. పాలు అని కొడితే మట్టి దీపాలు వస్తున్నాయి, ఎందుకంటే దీపాలు అనే మాటలో పాలు ఉంది కదా! కారం అని కొడితే కారం బూందీ, కారం జీడిపప్పు ముందు వచ్చి అసలు ఎండుమిర్చి కారం ఎక్కడో కింద ఉంటుంది.

వెనకాల ఉన్నది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, ఉత్త లైక్ క్వెరీ, రెండు వైపులా పర్సెంట్ గుర్తు పెట్టి, అంటే కొట్టిన ముక్క ఎక్కడ కనపడినా పట్టుకునేది. ఫ్రెండ్స్‌లో ఒకడు ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్ పెట్టేయ్ అంటాడు, ఇంకొకడు ఇప్పుడంతా ఏఐ సెర్చే కదా అంటాడు. మా సర్వర్ చిన్నది, నెలనెలా పెద్ద ఖర్చు పెట్టుకోలేం. ముందు ఏం చేస్తే తేడా కనపడుతుందో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

వెతుకులాట

నేను చాలా ఏళ్ళుగా ఈ-కామర్స్ సెర్చ్ మీదే పని చేస్తున్నా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపికగా చదవండి.

ఏ ఇంజిన్ పెట్టాలి అన్న ప్రశ్న రెండు వారాలు పక్కన పెట్టండి. ముందు కస్టమర్ సెర్చ్ బాక్స్‌లో ఏం కొట్టాడో, ఎన్ని రిజల్ట్స్ వచ్చాయో, వాటిల్లో దేని మీద నొక్కాడో, కార్ట్‌లో వేశాడో లేదో, ఈ నాలుగూ ఒక టేబుల్‌లో రాసుకోండి. కొట్టిన మాట ఎలా కొట్టాడో అలాగే ఉంచండి, తప్పులు దిద్దొద్దు. దాంట్లోంచి సున్నా రిజల్ట్స్ వచ్చినవి తీసి, ఎక్కువసార్లు వచ్చిన మాట పైన ఉండేలా వరసపెట్టి చూడండి. ఏ షాపులో అయినా కొన్ని మాటలే మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి, మీ సైజు స్టోర్‌కి పైన ఉన్న వంద మాటలు చేత్తో సరిచేసినా కస్టమర్‌కి వెంటనే తేడా తెలుస్తుంది. ఆ లిస్టు చూడకుండా ఎంత మంచి ఇంజిన్ తెచ్చినా పల్లీలు అంటే వేరుశనగ గుళ్ళు అని దానికి ఎవరు చెప్తారండీ? మీరే చెప్పాలి.

సున్నా రానివి కూడా చూడాలి, అది చాలామంది మర్చిపోతారు. రిజల్ట్స్ వచ్చాయి కానీ ఎవ్వరూ దేని మీదా నొక్కలేదంటే అది సున్నా కంటే ఘోరం, మీ పాలు-దీపాలు కేసు అదే.

ఇంకో సంగతి, అందరూ సరుకు పేరు పెట్టే వెతుకుతారని అనుకోకండి. కొందరు అరకిలో ఆవకాయ అంటారు, కొందరు 500 గ్రా అని అంకె అతికించి కొడతారు, కొందరు ఉల్లి వెల్లుల్లి లేని పచ్చళ్ళు అంటారు, షుగర్ ఉన్నవాళ్ళకి అంటారు, సంక్రాంతి పిండివంటలు అంటారు, ఇంకొందరు అమెరికా కొరియర్ ఎంత అని కూడా అదే బాక్స్‌లో కొడతారు. చివరి రకానికి సరుకులు చూపిస్తే ఏం లాభం, డెలివరీ పేజీకి లింక్ ఇవ్వాలి. ఉల్లి వెల్లుల్లి లేనివి అన్నదాన్ని మాత్రం చాలా జాగ్రత్తగా చూడండి, మామూలు టెక్స్ట్ సెర్చ్ అయితే వెల్లుల్లి అన్న మాట పట్టుకుని తీసుకెళ్ళి వెల్లుల్లి ఆవకాయనే మొదట పెడుతుంది. కార్తీక మాసంలో వెల్లుల్లి ముట్టనివాళ్ళు, ఎప్పుడూ తిననివాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఇది చిన్న తప్పు కాదు. ప్రతి ఐటమ్‌కీ వెల్లుల్లి ఉందా లేదా అని ఒక కాలమ్ పెట్టి, లేని, లేకుండా, వితౌట్ లాంటి మాట క్వెరీలో కనపడగానే ఆ కాలమ్ మీద ఫిల్టర్ వేయండి.

మారుపేర్లు పెట్టేటప్పుడు అన్నీ రెండు వైపులా సమానం అని పెట్టేయకండి. పల్లీలు, వేరుశనగ గుళ్ళు ఒకటే కాబట్టి రెండు వైపులా సరే. కానీ ఆవకాయ అడిగినవాళ్ళకి బెల్లం ఆవకాయ, పెసర ఆవకాయ కూడా కింద చూపించొచ్చు గానీ, బెల్లం ఆవకాయ అడిగినవాళ్ళకి మామూలు ఆవకాయ పైన పెడితే చిరాకు పడతారు. అలాంటివి ఒక వైపే పనిచేసేలా రాసుకోవాలి.

ఓరుగల్లు_అక్క

పైన తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను కోడింగ్ చేసేదాన్ని కాదు, ఇట్లాంటి ఒక స్టోర్‌లో కస్టమర్ ఫోన్లు చూస్తా. మా దగ్గర మారుపేర్ల లిస్టు మొత్తం ఫోన్ కాల్స్‌లోంచే తయారైంది, ఆఫీసులో కూసొని ఆలోచిస్తే సగం కూడా తట్టవు.

మీరు కోనసీమవాళ్ళు కాబట్టి మీ ఐటమ్ పేర్లన్నీ మీ వైపు మాటల్లోనే ఉంటయి. మేం గరిజెలు అని వెతుకుతం, మీరు కజ్జికాయలు అని పెట్టి ఉంటరు. మీరు జంతికలు అంటరు, మాకు మురుకులు. వెల్లుల్లి కారం అని పెడితే మా అమ్మ తరం వాళ్ళు ఎల్లిగడ్డ కారం అని కొడతరు, ఎల్లిపాయ అని కూడా కొడతరు. బొబ్బట్లని మా వైపు భక్ష్యాలు అంటం, రాయలసీమవాళ్ళు ఓళిగలు అంటరు. పుట్నాల పప్పుని వేయించిన శనగపప్పు అంటరు. తొక్కు అని కొట్టినోళ్ళకి పచ్చళ్ళు చూపించకపోతే మా జిల్లాల బేరం మొత్తం పోతది. కానీ సకినాలని మాత్రం తీసుకపోయి ఇంకో పిండివంటకి మారుపేరు కింద పెట్టకండి, అది వేరే వంట, మీ దగ్గర లేకుంటే లేదు అని చెప్పి దగ్గరివి చూపియ్యండి. సకినాలు అడిగితే చేగోడీలు పైన పెట్టి అదే అన్నట్టు చూపిస్తే మాకు నచ్చదు, నిజంగా చెప్తున్న.

ఇంకోటి, ఫోన్ ఎత్తే మనిషికి ఒక చిన్న ఫారం ఇయ్యండి, కస్టమర్ ఏ మాట వాడిండో ఆ మాట, మన దగ్గర దాని పేరు, ఈ రెండే డబ్బాలు. వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టేటోళ్ళ మెసేజ్‌లు కూడా చూడండి, అందులో ఇంగ్లీష్ అక్షరాల్లో రాసిన స్పెల్లింగులు బోలెడు దొరుకుతయి.

బెజవాడ_బ్యాకెండ్

లాగ్ (సెర్చ్‌లు రాసుకునే టేబుల్), మారుపేర్లు అయిపోయాయి కాబట్టి నేను తెలుగు లిపికి సంబంధించి చెప్తా, ఇది ఇంగ్లీష్ గైడ్లలో దొరకదు.

మొదటిది శుభ్రం చేయడం. డేటాబేస్‌లో ఉన్న పేరుని, కస్టమర్ కొట్టిన మాటని రెండింటినీ ఒకే ఫంక్షన్‌లోంచి పంపాలి, ఒకదాన్ని పంపి ఇంకోదాన్ని వదిలేస్తే ఏం ఉపయోగం లేదు. మిక్స్‌డ్ వెజ్ పచ్చడి అని మీరు పెట్టినప్పుడు మధ్యలో కంటికి కనపడని ఒక క్యారెక్టర్ ఉంటుంది, యూనికోడ్‌లో 200సీ, వత్తు పడకుండా ఆపడానికి వాడేది. కస్టమర్ కీబోర్డ్ దాన్ని పెట్టకపోతే కంప్యూటర్‌కి రెండూ వేరే మాటలు. పదం చివర్లో ఉంటే తేడా కంటికి కూడా తెలీదు, ఏంట్రా ఇది రావట్లేదు అని గంటలు గంటలు తల పట్టుకుంటాం. ఇండెక్స్‌లోంచీ (సెర్చ్ కోసం తయారుచేసి పెట్టుకున్న కాపీ) క్వెరీలోంచీ దాన్ని తీసేయండి, స్క్రీన్ మీద చూపించే పేరులో మాత్రం ఉండనివ్వండి. అలాగే ఐత్వం ఒక్క కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం ప్లస్ కింద గుర్తు అని రెండు కోడ్లుగానూ రాయొచ్చు, ఎన్ఎఫ్‌సీ అనే యూనికోడ్ నార్మలైజేషన్ వేస్తే ఒకటైపోతాయి. తర్వాత పచ్చళ్ళు, పచ్చళ్లు. ఈ రెండు స్పెల్లింగులూ జనం వాడతారు, మీ స్టోర్‌లో అన్నిటికంటే ముఖ్యమైన మాటే ఇది కాబట్టి ళ కింద ళ వత్తుని ల వత్తుగా మార్చేసి ఒకటి చేసేయండి.

రెండోది ఏకవచనం బహువచనం. అప్పడం అప్పడాలు, వడియం వడియాలు, పచ్చడి పచ్చళ్ళు, కాయ కాయలు. చివర లు తీసేస్తే సరిపోతుంది అనుకుంటారు, అప్పడా మిగులుతుంది. ఎలాస్టిక్‌సెర్చ్ లోపల ఉండే లూసీన్ లైబ్రరీలో 9 వెర్షన్ నుంచి తెలుగు అనలైజర్ (మాటల చివర్లు కత్తిరించి కలిపేది) వచ్చింది గానీ ఆరేడొందల ఐటమ్స్‌కి నేనైతే ఆ గొడవ పెట్టుకోను, ప్రతి ఐటమ్‌కి రెండు రూపాలూ మారుపేర్ల కాలమ్‌లో రాసేస్తా, మధ్యాహ్నం కూర్చుంటే అయిపోయే పని.

మూడోది ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు. ఇక్కడ సౌండెక్స్, మెటాఫోన్ లాంటివి (మాట వినపడే తీరుని బట్టి కలిపే పద్ధతులు) వాడకండి, అవి ఇంగ్లీష్ ఉచ్చారణకి చేసినవి. మన జనం చేసే తేడాలు కొన్నే ఉంటాయి. చింతపండులో త కి ఒకరు టీ ఒక్కటే రాస్తారు ఒకరు పక్కన హెచ్ పెడతారు, దీర్ఘానికి ఒకరు అక్షరం రెండుసార్లు రాస్తారు ఒకరు ఒక్కసారే, వ కి వీ బదులు డబ్ల్యూ, జ కి జే బదులు జెడ్. ఇవన్నీ ఒకే రూపానికి తెచ్చే ఇరవై లైన్ల కోడ్ రాసుకోండి. కానీ ఆ ఒకే రూపం మీదే మొత్తం నడపకండి. డబుల్ అక్షరాలన్నీ సింగిల్ చేస్తే పాలు, పళ్ళు రెండూ ఒకటే అయిపోతాయి! కాబట్టి ఉన్నది ఉన్నట్టు కలిసిన ఐటమ్‌కి ఎక్కువ మార్కులు, ఈ కుదించిన రూపంలో కలిసినదానికి తక్కువ మార్కులు, అలా రెండు ఫీల్డులు పెట్టుకోవాలి.

స్పెల్లింగ్ తప్పులు క్షమించే సెట్టింగ్ గురించి ఒక హెచ్చరిక. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఫజీనెస్ ఆటో పెడితే 3 నుంచి 5 క్యారెక్టర్ల మాటకి ఒక తప్పు, అంతకంటే పొడుగు మాటకి రెండు తప్పులు ఒప్పుకుంటుంది. తెలుగులో గుణింతం గుర్తు, సున్నా, పొల్లు ఇవన్నీ విడివిడి క్యారెక్టర్లే. కంది అంటే మనకి రెండక్షరాలు, దానికి నాలుగు. ఒక తప్పు ఒప్పుకుంటే గుడి ఎగిరిపోయి కంద అవుతుంది, కందులు కావాల్సిన మనిషికి కంద చిప్స్ వస్తాయి. మెయిలీసెర్చ్ అనే ఇంకో ఇంజిన్‌లో డీఫాల్ట్‌గా కనీసం 5 క్యారెక్టర్లు ఉంటేనే ఒక తప్పు, కనీసం 9 ఉంటేనే రెండు. టైప్‌సెన్స్ అనే ఇంజిన్‌లో అవే 4, 7. నేను తెలుగు ఫీల్డుకి వీటికంటే కూడా గట్టిగా పెడతా, ఇంగ్లీష్ అక్షరాల ఫీల్డుకి మాత్రం వదులుగా పెడతా. అసలు సరిగ్గా కలిసింది ఒక్కటైనా దొరికితే తప్పుల క్షమాపణ జోలికే పోకుండా ఉండటం మంచిది.

ఇంజిన్ అంటారా, మీ సైజుకి మెయిలీసెర్చ్ గానీ టైప్‌సెన్స్ గానీ చాలు, రెండూ ఓపెన్ సోర్సే, చిన్న సర్వర్‌లో నడుస్తాయి. ఎలాస్టిక్‌సెర్చ్ జావా మీద నడుస్తుంది, మెమరీ బాగా అడుగుతుంది, మీకు ఇప్పుడు అక్కర్లేదు.

డల్లాస్_తెలుగు

నేను కొంచెం వేరేగా చెప్తా, ఏఐని అందరూ అలా పక్కన పెట్టేయకండి. ఇంగ్లీష్ అక్షరాల తెలుగుకి బెజవాడ గారు చెప్పిన ఇరవై లైన్లు బాగానే ఉంటాయి గానీ, దానికోసం తయారుగా ఉన్న మోడల్ కూడా ఉంది, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్ళు చేసిన ఇండిక్‌ఎక్స్‌లిట్, 21 భారతీయ భాషలకి ఇంగ్లీష్ అక్షరాల్లోంచి సొంత లిపిలోకి, సొంత లిపిలోంచి ఇంగ్లీష్ అక్షరాల్లోకి కూడా మారుస్తుంది, ఓపెన్‌గా దొరుకుతుంది. చిన్న మోడలే. ఐటమ్ పేర్ల మీద ముందే నడిపి ఇంగ్లీష్ స్పెల్లింగులు తీసి పెట్టుకుంటే కస్టమర్ వెతికేటప్పుడు బరువు ఉండదు. ఇక్కడ పుట్టి పెరిగిన మా పిల్లలు నానమ్మ కోసం పూతరేకులు వెతికేటప్పుడు రాసే స్పెల్లింగ్ ఏ రూల్‌కీ అందదండీ, అక్కడ ఇలాంటివి పనికొస్తాయి.

వెక్టర్ సెర్చ్ (మాటని కాకుండా అర్థం దగ్గరగా ఉన్నవాటిని వెతికే ఏఐ పద్ధతి) కూడా సాయంత్రం టీతో తినడానికి ఏమైనా, బాలింతలకి పెట్టేవి, ఇలాంటి ప్రశ్నలకి బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఐటమ్ పేరు ప్రశ్నలో ఉండదు.

వెతుకులాట

డల్లాస్ గారు చెప్పిన రెండో రకం ప్రశ్నలకి నేనూ ఒప్పుకుంటా. కానీ పేరు పెట్టి అడిగినప్పుడు వెక్టర్ ఒక్కదాన్నే నమ్మడం నాకిష్టం లేదు. దానికి గోంగూర పచ్చడి, గోంగూర పండుమిర్చి పచ్చడి, చింతకాయ పచ్చడి అన్నీ దగ్గర దగ్గరగానే కనపడతాయి, కొనేవాళ్ళకి మాత్రం అవి మూడూ మూడు వేరే రుచులు. ఇందాక చెప్పిన వెల్లుల్లి లేని కేసులో కూడా లేని అన్న మాట బరువు దానికి సరిగ్గా అందదు. పెట్టాలనుకుంటే టెక్స్ట్ లిస్టు ఒకటి, వెక్టర్ లిస్టు ఒకటి విడిగా తెచ్చి కలపండి. 2009లో కార్మాక్ వాళ్ళు రాసిన రెసిప్రోకల్ ర్యాంక్ ఫ్యూజన్ అనే పద్ధతి చాలా తేలిక, ప్రతి లిస్టులో ఐటమ్ ఎన్నో స్థానంలో ఉందో దానికి 60 కలిపి, ఒకటిని దాంతో భాగించి, రెండు లిస్టులవీ కూడితే అయిపోయింది. కానీ ఇది ఆరు నెలల తర్వాత చూసుకోండి.

ఓరుగల్లు_అక్క

ఇంకో మాట, మీరంతా ఇంజిన్ల గురించి చెప్తున్నరు గానీ స్క్రీన్ సంగతి ఎవరూ చెప్పలే. ఫోన్‌లో సెర్చ్ బాక్స్ ఒక చిన్న భూతద్దం బొమ్మ వెనకాల దాచిపెడితే పెద్దవాళ్ళకి కనపడదు, బాక్స్ తెరిచే ఉంచండి. మైక్ బటన్ పెట్టండి, తెలుగు టైపింగ్ రానోళ్ళు నోటితోనే చెప్తరు. రెండక్షరాలు కొట్టంగనే కింద ఐటమ్ పేరు, చిన్న ఫోటో వస్తే సగం పని అక్కడే అయితది.

స్టాక్ లేని ఐటమ్‌ని మాత్రం దాచకండి దయచేసి. ఆవకాయ అయిపోయిందనుకోండి, పేరు పెట్టి వెతికినోళ్ళకి అది కనపడాలె, ఈ సీజన్‌ది అయిపోయింది, మళ్ళీ ఎండాకాలం వస్తది అని రాసి ఉండాలె, కింద మాగాయ, తొక్కుడు పచ్చడి ఏం ఉంటే అవి చూపియ్యాలె. కనపడకుంటే వీళ్ళు ఆవకాయే అమ్మరు అనుకొని మళ్ళీ మీ సైట్‌కే రారు. మామూలుగా పచ్చళ్ళు అని కొట్టినోళ్ళకి మాత్రం స్టాక్ లేనిది కిందికి పోవాలె.

కోనసీమ_అబ్బాయి

చాలా చాలా థాంక్స్ అండీ అందరికీ, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. లాగ్ టేబుల్ ఇవాళే పెట్టేశాను. ఓరుగల్లు అక్కా, మీరు చెప్పిన పేర్లన్నీ రాసుకున్నా, గరిజెలు అన్న మాట మా ఇంట్లో ఎవరికీ తెలీదు!

రెండు డౌట్లు. కారం అని ఒక్క మాట కొడితే ఏది ముందు రావాలో ఎలా తేల్చాలి? అమ్మకాలు ఎక్కువున్నది పైన పెట్టేయొచ్చా? ఇంకోటి, మారుపేర్ల కోసం కొత్త కాలమ్ ఎందుకు, డిస్క్రిప్షన్‌లోనే చివర రాసేస్తే సరిపోదా? మా ఇప్పటి క్వెరీ పేరు, డిస్క్రిప్షన్ రెండింట్లోనూ వెతుకుతుంది.

బెజవాడ_బ్యాకెండ్

డిస్క్రిప్షన్‌లో వద్దు అబ్బాయ్. మీ పెసరట్టు మిక్స్ డిస్క్రిప్షన్‌లో అల్లం పచ్చడితో తింటే బాగుంటుంది అని రాసి ఉంటారు కదా, అప్పుడు అల్లం పచ్చడి అని కొట్టినవాళ్ళకి పెసరట్టు మిక్స్ కూడా వస్తుంది. డిస్క్రిప్షన్ అంటే అమ్మడానికి రాసే మాట, అందులో పక్క ఐటమ్స్ పేర్లు ఎప్పుడూ దొర్లుతూనే ఉంటాయి. పేరుకి అన్నిటికంటే ఎక్కువ మార్కులు, మారుపేర్లకి దాదాపు అంతే, తర్వాత ఐటమ్ రకం (పచ్చడి, పొడి లాంటిది), డిస్క్రిప్షన్‌కి బాగా తక్కువ. పేరులోనో మారుపేరులోనో రకంలోనో దొరికితే డిస్క్రిప్షన్ చూడనే అక్కర్లేదు.

మాటలో ముక్క కలిసినా వచ్చేయడం కూడా ఆపండి, మాట మొదలు నుంచి కలిస్తేనే లెక్క. మీ దీపాలు అప్పుడు పోతాయి.

వెతుకులాట

కారం సంగతి. ఒక్క మాట కొట్టినప్పుడు అది ఐటమ్ రకం పేరా, లేక ఇంకో ఐటమ్‌కి ముందు తగిలించిన మాటా అని చూడాలి. ఎండుమిర్చి కారం, కరివేపాకు కారం, నల్ల కారం వీటిల్లో చివరి మాట కారం, కాబట్టి వాటి రకమే కారం. కారం బూందీలో చివరి మాట బూందీ, అది మిక్చర్ల వరసలోది. తెలుగులో అసలు సరుకు ఏంటన్నది ఎక్కువగా చివరి మాటే చెప్తుంది కాబట్టి, ప్రతి ఐటమ్‌కీ రకం అనే కాలమ్ చేత్తో నింపి, కొట్టిన మాట రకంతో కలిస్తే పైకి లాగండి. ఆ రకం లోపల వరస అమ్మకాలని బట్టి పెట్టుకోవచ్చు. అమ్మకాలనే మొదటి కొలత చేస్తే మాత్రం ఎప్పుడూ అవే నాలుగు ఐటమ్స్ పైన ఉంటాయి, పైన ఉన్నాయి కాబట్టి అవే అమ్ముడుపోతాయి, కొత్తగా పెట్టిన ఐటమ్ ఎవరి కంటా పడదు. లాభం ఎక్కువుందని అడగని ఐటమ్‌ని పైకి ఎక్కించడం నేను ఎక్కడా చేయనివ్వను, వెతికే మనిషి మనల్ని నమ్మి అడుగుతున్నాడు.

ఏం మార్చినా ముందు ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకోండి, లాగ్‌లోంచి ఒక యాభై అరవై మాటలు, ప్రతిదానికీ మొదటి మూడింట్లో ఏం ఉండాలో మీ అమ్మగారినో ప్యాకింగ్ చేసేవాళ్ళనో అడిగి రాసుకోండి, సరుకు గురించి మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ ఆ షీట్ మొత్తం స్క్రిప్ట్‌తో నడిపి చూడండి, ఎందుకంటే కారం సరిచేయబోతే పల్లీ పొడి చెడిపోవడం ఈ పనిలో మామూలే. రకం కాలమ్ నింపేటప్పుడు ఎటూ తేలని ఐటమ్స్ వస్తే ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాం.